ఉపకారమా? వేతనమా?

'ఉపకార వేతనం' అన్న మాటలో రెండు విరుద్ధ భావాలు ఇమిడి ఉన్నాయి. ఉపకారమైతే అది దాత దయపై ఆధారపడుతుంది. వేతనమైతే పని చేసినవారి హక్కవుతుంది. పరిశోధక విద్యార్థులకు ఇచ్చే ఫెలోషిప్‌లు ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతాయో మన పాలకులు ఇంతవరకూ తేల్చుకున్నట్లు లేదు.

జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ మొత్తాన్ని 2019 జనవరి నుంచి నెలకు 31 వేల రూపాయలకు, 2023 జనవరి నుంచి 37 వేలకు పెంచారు. రెండేళ్ల తరువాత సీనియర్ స్థాయికి చేరినవారికి 42 వేలు లభిస్తాయి. ఈ పెంపుదల ఆహ్వానించదగినదే. అయితే ఇది జాతీయ అర్హతా పరీక్ష (నెట్)లో పైస్థాయిన నిలిచిన కొద్దిమందికే పరిమితం. ఆ పరీక్ష ద్వారా ఫెలోషిప్ పొందని వారికి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఇచ్చే 'నాన్-నెట్' సాయం నెలకు 8 వేలే. ఒకే గ్రంథాలయంలో పక్కపక్కన కూర్చుని ఒకే తరహా పరిశోధన చేసే ఇద్దరి మధ్య అంతరం నాలుగున్నర రెట్లకు పైమాటే. ఆ కొద్దిపాటి సాయాన్ని సైతం ఎత్తివేయాలని 2015 అక్టోబరులో యు.జి.సి. నిర్ణయించగా, విద్యార్థులు ఢిల్లీలోని కార్యాలయం ఎదుట బైఠాయించిన మీదట ప్రభుత్వం వెనక్కి తగ్గింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లోని పరిశోధకులకు సాధారణంగా ఆ మాత్రమూ దక్కదు.

విద్యాశాస్త్రంలో పరిశోధన చేసేవారి పరిస్థితి మరీ క్లిష్టమైనది. పిల్లలు చదువు ఎందుకు మానేస్తున్నారో, మాతృభాషలో బోధన ఎలా సాగుతున్నదో తెలుసుకోవాలంటే నెలల తరబడి పల్లె బడుల చుట్టూ తిరగక తప్పదు. ప్రయాణ ఖర్చులే తలకు మించిన భారమవుతాయి. పైగా, భాషా విషయాలను మినహాయిస్తే నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటుంది. తెలుగు మాధ్యమ పాఠశాలల గురించి పరిశోధించదలచినవారు తెలుగులో పరీక్ష రాసే వీలు లేకపోవడం విచిత్రం. 2024 జూన్ 18న తొమ్మిది లక్షల మందికి పైగా రాసిన నెట్‌ను మరునాడే రద్దు చేయడంతో వారంతా ఆగస్టు, సెప్టెంబరు వరకు నిరీక్షించవలసి వచ్చింది.

మంజూరైన సొమ్ము చేతికందడం మరో సమస్య. హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి వేముల రోహిత్ 2016 జనవరి 17న మరణించే ముందు రాసిన లేఖలో, తనకు ఏడు నెలల ఫెలోషిప్ లక్షా 75 వేల రూపాయలు రావలసి ఉందని పేర్కొన్నారు. ఆ విషాదానికి దారితీసిన కారణాలు అనేకం కావచ్చు. కానీ పరిశోధకుని చివరి లేఖలో బకాయిల లెక్కకు చోటు దక్కవలసి రావడం వ్యవస్థకు తలవంపులు. ఆ తరువాతా పరిస్థితి పెద్దగా మారలేదు. అల్పసంఖ్యాక వర్గాల పరిశోధకుల కోసం 2009లో ప్రారంభమైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను, ఇతర పథకాలతో కలగలుస్తున్నదన్న కారణం చూపి 2022-23 నుంచి నిలిపివేశారు. అప్పటికే ఎంపికైన వారికి చెల్లింపులు కొనసాగుతాయని హామీ ఇచ్చినా, నెలల తరబడి సొమ్ము అందలేదంటూ 2025లో వారు ఆందోళన వ్యక్తం చేశారు.

ఫెలోషిప్ ఆగితే సంపన్న కుటుంబాల వారి పరిశోధన ఆగదు. ఇంటికి ఎదురు డబ్బు పంపవలసిన వారిదే ఆగుతుంది. అంతిమంగా దేశంలో ఎవరు పరిశోధకులు కాగలరో నిర్ణయించేది ప్రతిభ ఒక్కటే కాదు, చెల్లింపు తేదీ కూడా. ఉద్యోగుల జీతాల మాదిరిగానే ఫెలోషిప్‌లకూ నిర్ణీత తేదీ విధించడం, 'నాన్-నెట్' మొత్తాన్ని సవరించి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకూ విస్తరించడం ప్రభుత్వం తక్షణం చేయవలసిన పనులు. అప్పుడే ఉపకార వేతనంలోని 'వేతనం' అన్న మాటకు అర్థం చేకూరుతుంది.