పశువు జన్యువులు – మీ పాలలెక్క

పిల్లి జన్యువులతో ఆనందపురం రైతుకు పనేమని నవ్వకండి. 2007లో అమెరికాలో సిన్నమన్ అను పిల్లి జన్యుక్రమమును చదివిరి. దాని వంశములో చూపు క్రమముగా పోవు రోగమున్నది. దాని జన్యువు అదే ఏడు తెలిసినది. ఇప్పుడు కూనకు చూపు తగ్గకముందే పరీక్ష చేయవచ్చును.

2009లో ఆవు వంతు వచ్చినది. అదియు విదేశీ హెర్‌ఫర్డ్ జాతిదే. మన దేశవాళీ ఆవులకు గౌ చిప్, గేదెలకు మహిష్ చిప్ అను జన్యుపరీక్షా సాధనములు 2024లో విడుదలైనవి. మంచిదే. కాని ఏ జన్యువులున్న పశువు ఎన్ని పాలిచ్చెనో వేల పశువులలో సరిచూడనిదే చిప్ ఏమియు చెప్పలేదు. ఆ లెక్క మీ పాకలోనే పుట్టవలెను. చెవి ట్యాగు నంబరు, ఈనిన తేదీ, పూటపూట కొలత ఒక నోటుబుక్కులో వ్రాయండి. పాలకేంద్రపు చీటీ ఇందుకు చాలదు. రెండు గేదెల పాలు ఒకే క్యానులో కలిసిన తరువాత ఏది ఎంత ఇచ్చెనో ఎవరు చెప్పగలరు?