అమ్మ కువైట్‌లో, బిడ్డ కోవూరులో: ఇంకెన్నాళ్ళు?

కోవూరు, పడుగుపాడు, పాటూరు, ఇనమడుగు అక్కచెల్లెళ్ళారా, అన్నదమ్ములారా!

మన ఊళ్ళ నుంచి కువైట్ పోయి ఇళ్ళల్లో పనిచేసే ఆడబిడ్డలు, డ్రైవర్లు దొంగదారిన ఉన్నవాళ్ళు కాదు. పాస్‌పోర్టుంది, అకామా (నివాస అనుమతి) ఉంది, సివిల్ ఐడీ ఉంది. ఉండమని ఆ దేశమే ముద్ర వేసిచ్చింది. మొగుడో పెళ్ళామో, పిల్లలో మాత్రం రాకూడదంట! ఐఎంఓ వీడియో కాల్‌లో మొహాలు చూసుకోవడమే వాళ్ళ కాపురం.

2022లో ఆపేసిన కుటుంబ వీసాల్ని కువైట్ 2024 జనవరిలో మళ్ళీ తెరిచింది. కొన్ని ఉద్యోగాలకు మినహాయింపిచ్చి, మిగతావాళ్ళకు నెలకు 800 దినార్ల జీతం ఉండాలంది. ఇంటిపనికి అదే దేశం 2016లో పెట్టిన కనీస జీతం 60 దినార్లు. ఆ లెక్కన పదమూడు మంది తల్లుల జీతం కలిపినా ఒక్క బిడ్డకు వీసా రాదు.

అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న మన ఇంజనీరు భార్యకు, 21 ఏళ్ళలోపు పిల్లలకు హెచ్-4 వీసా ఉంది. అక్కడి కష్టాలు అక్కడున్నాయి, కాదనం. కువైట్‌లో అంట్లు తోమే తల్లికి ఆ మాత్రం దారైనా ఎందుకు లేదు?

ఇంటిపనివాళ్ళ గురించి 2021 జూన్‌లో భారత్, కువైట్ ఒప్పందం చేసుకున్నాయి. 2024 డిసెంబరులో ప్రధాని మోదీ అక్కడి లేబర్ క్యాంపుకు వెళ్ళి మనవాళ్ళను చూసొచ్చారు. అంటే మాట్లాడే చోటుంది. తక్కువ జీతగాళ్ళకూ కుటుంబ వీసా ఇవ్వమని మన ప్రభుత్వం అక్కడ అడగాలి. అది తేలేదాకా, కువైట్ 2015 చట్టంలోనే ఉన్న 30 రోజుల జీతపు సెలవును ఏటా ఇచ్చి ఇంటికి పంపేలా కఫీళ్ళను (పనిలో పెట్టుకున్న యజమానులను) కట్టడి చేయించాలి. ఏళ్ళ తరబడి బిడ్డ మొహం చూడని తల్లి మన వీధిలోనే లేదా?

ఈ రెండూ కోరుతూ వచ్చే సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నాం. ఉదయం 9 గంటలకు కోవూరు బస్టాండు దగ్గరికి రండి. అమ్మమ్మలూ నాయనమ్మలూ, మీరు పెంచుతున్న పిల్లల్ని వెంటబెట్టుకుని రండి. పాస్‌పోర్టు, సివిల్ ఐడీ జిరాక్సులు చాలు. అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. ఫ్యామిలీ వీసా ఇప్పిస్తానని డబ్బులడిగే ఏజెంటుకు రూపాయి కూడా కట్టొద్దు.

కువైట్‌లో ఉన్నవాళ్ళకు ఈ కాగితం ఫొటో తీసి పంపండి. వాళ్ళ గోడు వాళ్ళ చేత్తోనే రాసి ఇంటికి పంపమనండి. ప్రతి ఉత్తరాన్నీ అర్జీకి జతచేస్తాం.

కువైట్‌లో పనిచేస్తున్నవారి కుటుంబాలు, కోవూరు