తవుడుతో పోతున్న ఆరోగ్యం

పేగులకు మేలు చేసే బాక్టీరియాను సీసాలలో, పొట్లాలలో నింపి అమ్మే వ్యాపారం మందుల దుకాణాలు దాటి కిరాణా కొట్ల దాకా వచ్చింది. వైద్యుడు రోగికి రాసిచ్చినప్పటి మాట వేరు. కానీ ఆ బాక్టీరియాకు ఆహారమైన పీచు కంచంలోంచి మాయమవుతుంటే పట్టించుకోకుండా, ఆరోగ్యంగా ఉన్నవారిని బాక్టీరియా కొనుక్కోమనడం శాస్త్రమూ కాదు, న్యాయమూ కాదు.

జీర్ణరసాలకు లొంగని పీచు పెద్దపేగుకు చేరి, అక్కడి బాక్టీరియా వల్ల పులిసి, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాన్ని ఇస్తుంది. పేగు లోపలి పొర కణాలకు ప్రధాన ఇంధనం ఇదే, వాపును అణచడంలో తోడ్పడేదీ ఇదే. అదే తిండిలో కొవ్వు మితిమీరితే కాలేయం పిత్తామ్లాలను ఎక్కువగా వదులుతుంది, వాటిని మరికొన్ని బాక్టీరియా పేగు కణాలకు హాని చేసే ద్వితీయ పిత్తామ్లాలుగా మారుస్తాయి.

పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ ఓకీఫ్ బృందం 2015లో ప్రచురించిన అధ్యయనంలో, పెద్దపేగు క్యాన్సర్ ఎక్కువగా కనిపించే ఆఫ్రికన్ అమెరికన్లు 20 మందికి మొక్కజొన్న, చిక్కుళ్ల వంటి పీచు నిండిన తిండినీ, ఆ వ్యాధి అరుదైన దక్షిణాఫ్రికా గ్రామీణులు 20 మందికి సాసేజ్‌లు, బర్గర్లు, వేపుళ్లనూ రెండు వారాలు పెట్టారు. అమెరికన్లలో బ్యూటిరేట్ రెండున్నర రెట్లు పెరిగింది, ఆఫ్రికన్లలో సగానికి పడిపోయింది. క్యాన్సర్ ముప్పును సూచించే వాపు మొదటివారిలో తగ్గి, రెండోవారిలో పెరిగింది. రెండే వారాలలో ఇంత మార్పు తెచ్చింది వంటిల్లే.

ఈ పాఠం తెలుగువారికి ఎంతో అవసరం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల మరపట్టిన బియ్యంలో పీచు 3 గ్రాములైనా లేదు. జొన్నలలో 10 గ్రాములు, రాగులలో 11 గ్రాములు దాటి ఉంది. 1983 నాటి రెండు రూపాయల బియ్యం పేదల ఆకలి తీర్చిన మాట నిజమే, కానీ జొన్నరొట్టె, గటక, రాగిసంగటి తినే ఇళ్లలోకి తెల్లన్నమే ఏకైక తిండిగా చొరబడిందీ ఆ బాటలోనే. 2025లో తెలంగాణ మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. గింజ సన్నబడింది, పీచున్న తవుడు మాత్రం మిల్లులోనే మిగిలిపోయింది. వడ్ల కోసం ఊరూరా కొనుగోలు కేంద్రాలు తెరిచే యంత్రాంగానికి జొన్నరైతు దగ్గరికి వచ్చేసరికి ఆ చురుకు ఉండదు. మెట్టపొలాలలో జొన్న వేసేవారు తగ్గిపోతే నేరం రైతుది కాదు.

పొరుగున కర్ణాటక రేషన్ దుకాణాలలో రాగులు, జొన్నలు ఇస్తున్నది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ప్రతి కార్డుదారుకు ఇచ్చే ధాన్యంలో మనిషికి కనీసం ఒక కిలో జొన్నలో రాగులో చేర్చాలి, వాటిని స్థానిక రైతు దగ్గరే మద్దతు ధరకు కొనాలి.