పాయింట్లు డ్రైవరుకు, లాభం యజమానికి

ట్రాఫిక్ నేరాలకు జరిమానాతో పాటు లైసెన్సు మీద పెనాల్టీ పాయింట్లు కూడా వేసే పద్ధతి 2017 ఆగస్టు 1న హైదరాబాదు నగరంలో ఆరంభమైనప్పుడు, అది పట్నం వారి గొడవ, మనకేమిటి అని జిల్లాలో చాలామంది అనుకున్నారు. అది పొరపాటు. లైసెన్సుకు జిల్లా సరిహద్దులు లేవు. ఖమ్మంలో ఇచ్చిన లైసెన్సుతో దేశమంతటా బండి నడపవచ్చు. అదే లైసెన్సును నగరంలో సస్పెండు చేస్తే ఖమ్మంలో కూడా చెల్లదు. కిరాయి కార్లతో, సరుకు లారీలతో నగరానికి పోయివచ్చే డ్రైవర్లు మన జిల్లాలో తక్కువేమీ లేరు.

ఆ పద్ధతిలోని లెక్క ఇది. హెల్మెట్ లేకపోతే ఒక పాయింటు. ఆటోలో డ్రైవరు సీటు మీద అదనంగా మనిషిని కూర్చోబెడితే ఒకటి. సరుకుల బండిలో మనుషులను ఎక్కిస్తే రెండు. తాగి మోటారు సైకిలు నడిపితే మూడు, కారయితే నాలుగు, బస్సో ఆటోనో అయితే అయిదు. 24 నెలల్లో 12 పాయింట్లు నిండితే లైసెన్సు ఏడాది పాటు సస్పెండు. మళ్ళీ నిండితే రెండేళ్ళు.

ఆలోచన మంచిదే. డబ్బున్న వాడికి జరిమానా ఒక లెక్క కాదు. జేబులోంచి తీసి కట్టేస్తాడు, మరునాడు అదే సిగ్నలు దాటిపోతాడు. పాయింట్లను మాత్రం డబ్బుతో కడిగేసుకోలేడు. తాగి బస్సు నడిపిన వాడికి అయిదు పాయింట్లు చాలవని ఎవరైనా అంటే నేనూ కాదనను.

అయితే 12 పాయింట్లు అందరికీ ఒకటే బరువు కావు. సొంత కారున్న పెద్దమనిషి లైసెన్సు పోతే జీతానికి డ్రైవరును పెట్టుకుంటాడు. ఆ జీతపు డ్రైవరు లైసెన్సే పోతే? ఏడాది పాటు ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? ఆటో అప్పు మీద కొన్నదైతే కిస్తీలు ఆగవు కదా. కాబట్టి ఆ శిక్ష పడవలసిన వాడికే పడుతున్నదా అన్నది చూడాలి.

మిరప కోతల రోజుల్లో తెల్లవారుజామున మన జిల్లా రోడ్ల మీదికి వచ్చి చూడండి. ట్రాలీ ఆటోలో పాతికమంది ఆడకూలీలు ఒకరి మీద ఒకరు పడి, అన్నం టిఫిన్లు ఒళ్ళో పెట్టుకుని పోతుంటారు. ఇంతమందిని ఎక్కించాలని నిర్ణయించింది ఎవరు? కూలీలను కుదిర్చిన ముఠా మేస్త్రీ, ఖర్చు తగ్గాలనుకున్న రైతు, ట్రిప్పుకు ఇంత అని లెక్కగట్టిన బండి యజమాని. డ్రైవరు వద్దంటే రేపు మరో డ్రైవరు వస్తాడు. బండి బోల్తా పడినా, తనిఖీలో పట్టుబడినా ముందు అడిగేది మాత్రం అతని లైసెన్సునే. డ్రైవరు తప్పు లేదని నేను అనడం లేదు. తప్పులో వాటాదారులు మరి ముగ్గురున్నారు, వారి పేర రాయడానికి ఆ లెక్కలో గడి లేదు.

చట్టానికి యజమాని సంగతి తెలియక కాదు. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షను, పరిమితికి మించి బరువు వేస్తే బండి నడిపిన వాడినే గాక నడిపించిన వాడిని, నడపనిచ్చిన వాడిని కూడా నేరస్థుడిగానే చూస్తుంది. 2019 సవరణలో ఈ నేరానికి 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా పెట్టారు. మైనరు చేత నేరం జరిగితే ఆ బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు చేయాలన్నది కూడా ఆ సవరణలోనిదే. అంటే శిక్ష బండికి తగిలేలా రాయడం మన శాసనకర్తలకు చేతకాని పని కాదు. పాయింట్లను కూడా అలాగే బండి రిజిస్ట్రేషన్ మీద ఎందుకు వేయకూడదు? లారీకైతే పర్మిటు మీద చర్య తీసుకునే వీలైనా ఉన్నది. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని చిన్న సరుకు బండ్లకు చట్టప్రకారం పర్మిటే అక్కరలేదు. కూలీలను మోసేది ఎక్కువగా అవే!

కెమెరాల చిక్కు మరొకటి. కెమెరాకు కనిపించేది నంబరు ప్లేటు. చలానా యజమాని ఫోనుకు పోతుంది. ఆ రోజు బండి నడిపిన వాడెవడో కెమెరాకు తెలియదు. మరి పాయింటు ఎవరికి వేయాలి? బ్రిటన్‌లో దీనికో దారి ఉన్నది. నోటీసు అందిన 28 రోజుల్లో బండి ఎవరు నడిపారో యజమాని చెప్పి తీరాలి. చెప్పకపోతే తన లైసెన్సు మీద ఆరు పాయింట్లు పడతాయి. అక్కడా మూడేళ్ళలో 12 పాయింట్లే హద్దు. అయినా లైసెన్సు పోతే అసాధారణమైన కష్టం వస్తుందని కోర్టులో చెప్పుకునే అవకాశం ఉంచారు. మన చట్టంలోనూ 19వ సెక్షను కింద అనర్హత వేసే ముందు లైసెన్సుదారు మాట వినాలి, ఉత్తర్వు అందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఈ మాట ఆటో స్టాండులో ఎంతమందికి తెలుసు? పాయింటు వేసినప్పుడల్లా ఎందుకు వేశారో, మొత్తం ఎన్ని అయ్యాయో తెలుగులో ఒక చీటీ డ్రైవరు చేతికి ఇవ్వడం పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక కూలీల విషయం. ట్రాలీ ఎక్కవద్దని చెప్పడం తేలిక. పొద్దున ఆరింటికల్లా చేనులో ఉండాలంటే ఆ ఊళ్ళకు ఆ వేళకు బస్సు ఏది? కోతలు మొదలైన తొలి వారం రవాణా శాఖ, ఆర్టీసీ అధికారులు కలిసి తెల్లవారుజామున నాలుగు కూడళ్ళలో నిలబడి, ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎందరు కూలీలు పోతున్నారో రాసుకుంటే, ఏ దారిలో బస్సు వేయాలో వారికే తెలుస్తుంది.