పోయేదేముందని అడిగేవారికి

నమ్మకాల గురించి ఎవరితో వాదన వచ్చినా చివరికి నాకు ఎదురయ్యే మాట ఒకటే. "నిజమో అబద్ధమో, పాటిస్తే పోయేదేముందండీ?" బాగా చదువుకున్నవాళ్ళే ఈ మాట ఎక్కువగా అంటారు. రాహుకేతువులు ఉన్నారని ఒప్పుకోరు, లేరనీ అనరు. నేను 37 ఏళ్ళు డిఫెన్స్ అకౌంట్స్ లో బిల్లులు చూసి రిటైరైనవాణ్ణి. ఖర్చు కాలమ్ ఖాళీగా వదిలేసి సంతకం పెట్టమంటే నాకు చెయ్యి రాదు.

2024 ఏప్రిల్ 8, సోమవారం, అమెరికాలో సంపూర్ణ సూర్యగ్రహణం. మా అబ్బాయి వాళ్ళుండే డల్లాస్ మీదుగానే చంద్రుడి నీడ వెళ్ళింది. నగరంలో సుమారు 3 నిమిషాల 50 సెకన్లు పట్టపగలే చీకటి. మనవరాలికి అప్పుడు ఎనిమిదేళ్ళు. స్కూల్లో టార్చిలైటు, బంతి పెట్టి గ్రహణం ఎలా పడుతుందో చూపించారట. నల్లటి కళ్ళద్దాలు కూడా పంచారు. వీడియో కాల్ లో అవి పెట్టుకుని "తాతయ్యా, దీంట్లోంచి నువ్వసలు కనపడట్లేదు" అని ఒకటే నవ్వు.

తీరా ఆ రోజు పిల్ల స్కూలుకే వెళ్ళలేదు. గ్రహణం మీనరాశిలో, రేవతి నక్షత్రంలో పట్టింది. మనవరాలిదీ ఆ రాశే. వాళ్ళ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక జాబితా పంపారు. ఏ రాశివాళ్ళు చూడకూడదు, పెరుగు గిన్నె మీద దర్భ ఎలా వెయ్యాలి, దర్భ దొరక్కపోతే ఏం చెయ్యాలి. కోడలు భయపడింది. మావాడు "ఎందుకైనా మంచిది" అన్నాడు. పిల్లకి జ్వరమని స్కూలుకి మెయిల్ పెట్టి, కర్టెన్లు దించేశారు.

అక్కడ మధ్యాహ్నం 1:40 అంటే మనకు అర్ధరాత్రి దాటి 12:10. తెల్లవారితే ఉగాది. నేను సికింద్రాబాదులో కంప్యూటర్ ముందు కూర్చుని నాసా ప్రసారం చూస్తున్నాను. పొద్దుటినుంచీ డల్లాస్ ని కమ్మిన మబ్బులు సరిగ్గా సమయానికి విడిపోయాయి. నల్లటి బిళ్ళ, దాని చుట్టూ తెల్లగా కరోనా (జబ్బు కాదు లెండి, సూర్యుడిదే). భూగోళానికి ఈ పక్కనున్న నేను చూశాను. దాని కిందే ఉన్న పిల్ల చూడలేదు.

రెండు రోజుల తర్వాత ఫోన్ లో అడిగింది. "తాతయ్యా, మా క్లాసులో అందరూ బయటికెళ్ళారు, ఎవరికీ ఏం కాలేదు. రాహువుకి నేనే ఎందుకు కావాలి?" నా దగ్గర జవాబు లేదు. ఉంటే ఆ జాబితా పంపిన పెద్దమనిషి దగ్గర ఉండాలి. జ్వరం తగ్గిందా అని టీచరు అడిగితే తగ్గిందని చెప్పిందట. రాని జ్వరం తగ్గిందని చెప్పడం ఆ పిల్లకి ఎవరు నేర్పారు? ఇది ఏ పద్దు కింద రాయాలి?

"మన సంస్కృతి మర్చిపోకూడదు కదా నాన్నా" అన్నాడు మావాడు. గ్రహణాలు నీడల వల్లే పడతాయని ఆర్యభటుడు పదిహేను వందల ఏళ్ళ కిందటే రాశాడు. ఆయన మన సంస్కృతి కాదా? 1868 ఆగస్టు 18న గ్రహణం చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మన గుంటూరుకే వచ్చాడు. ఆ గ్రహణం పరిశీలనల్లో కనబడ్డ పసుపు గీతతోనే హీలియం కథ మొదలైంది. ఇవేవీ వాట్సాప్ లో రావు.

జాగ్రత్త వద్దని నేననను. అద్దాలు లేకుండా సూర్యుణ్ణి చూస్తే కన్ను పాడవుతుంది, స్కూలు వాళ్ళు అద్దాలిచ్చింది అందుకే. అది మీనరాశి కంటికీ మేషరాశి కంటికీ ఒకటే.

మావాణ్ణి మాత్రమే అనడం న్యాయం కాదు. 1980 ఫిబ్రవరి 16న మన దగ్గర సంపూర్ణ గ్రహణం పట్టినప్పుడు జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రజ్ఞులు పనిలో ఉన్నారు. బస్సెక్కితే చేరుకునే దూరంలో నేను, బి.కాం. కుర్రాణ్ణి, తలుపులు బిగించుకుని ఇంట్లో కూర్చున్నాను. మా అమ్మ కూడా అన్నది ఈ మాటే, ఎందుకైనా మంచిదని. ఆ పద్దు ఇప్పటికీ నా లెక్కలో నష్టం కిందే ఉంది.

అమెరికాను ఈ చివర నుంచి ఆ చివరకు దాటే గ్రహణం మళ్ళీ 2045 ఆగస్టు 12న. మనవరాలికి అప్పటికి 29 ఏళ్ళు. డల్లాస్ మీదికి సంపూర్ణ గ్రహణం మళ్ళీ వచ్చేది 2317లో. మావాడు మాత్రం ఇప్పటికీ "ఒక్క రోజు స్కూలే కదా నాన్నా పోయింది" అంటాడు.