కోళ్ళ దాణాలో కరిగిపోతున్న మందుల బలం

2025 జనవరిలో చంద్రపూర్ జిల్లా బ్రహ్మపురి తాలూకాలోని మాంగ్లీ గ్రామంలో కోళ్ళు వరుసగా మరణించగా, పరీక్షలలో అది బర్డ్ ఫ్లూ అని తేలింది. మరుసటి నెలలో ఆంధ్రప్రదేశ్‌లోని గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాలలో అదే వ్యాధి బయటపడింది. కోడి తల వాల్చిన వెంటనే అనేకులు చేసే మొదటి పని నీళ్ళ తొట్టిలో యాంటీబయాటిక్ పొడి కలపడం. కాని బర్డ్ ఫ్లూ వైరస్ వలన కలిగే వ్యాధి. యాంటీబయాటిక్ మందులు బాక్టీరియాపై తప్ప వైరస్‌పై పనిచేయవు. పల్లెలలో పెరటి కోళ్ళను ఊడ్చిపెట్టే కొక్కెర తెగులు కూడా వైరస్ వ్యాధియే. కోడి దక్కదు, ఖర్చు మిగలదు. మందు అవశేషం మాత్రం పెంటలోనూ, నేలలోనూ, నీటిలోనూ మిగిలిపోతుంది.

అక్కడితో నష్టం ఆగదు. మందు తగిలిన ప్రతిసారీ బలహీనమైన బాక్టీరియా నశించి, మందుకు తట్టుకున్నది మిగులుతుంది. మిగిలినదే పెరుగుతుంది. మాంసం కోసే చేతుల ద్వారా, పొలంలో చల్లిన కోళ్ళ ఎరువు ద్వారా, వాగు నీటి ద్వారా అది మనుషులను చేరుతుంది. మందులకు లొంగని బాక్టీరియా వలన 2019లో ప్రపంచవ్యాప్తంగా 12 లక్షల 70 వేల మంది, భారతదేశంలో సుమారు మూడు లక్షల మంది మరణించి ఉంటారని పరిశోధకులు అంచనా వేశారు. ఇందులో మనుషులు తాము స్వయంగా మింగిన అనవసరపు మాత్రల పాత్ర తక్కువేమీ కాదు. అయినా పశువుల పాకను, కోళ్ళ షెడ్డును వదలివేసి ఈ సమస్యను పరిష్కరించడం సాధ్యం కాదు.

కోలిస్టిన్ అనే మందు కథ ఇందుకు నిదర్శనం. ఆసుపత్రులలో మిగతా మందులన్నీ విఫలమైనపుడు వైద్యులు చివరి అస్త్రంగా దీనిని ప్రయోగిస్తారు. అటువంటి మందును కోళ్ళు త్వరగా బరువెక్కడం కోసం దాణాలో కలిపారు. 2015లో చైనా పరిశోధకులు పందులలో కోలిస్టిన్‌కు లొంగని జన్యువును కనుగొన్నారు. అది ఒక బాక్టీరియా నుండి మరొకదానికి సులభంగా దూకగలదని తేలడంతో ప్రపంచం ఉలిక్కిపడింది. భారత ప్రభుత్వం 2019 జులైలో పశువులకు, కోళ్ళకు, చేపలకు, దాణాకు కోలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. 2025 మార్చిలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులను కూడా ఆహార జంతువుల పెంపకం నుండి తొలగించింది. మాంసం, పాలు, గుడ్ల ఉత్పత్తిలో వాడరాని మందుల జాబితాను ఆహార భద్రతా సంస్థ విస్తరించగా, అది 2025 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది.

చట్టాలకు కొరత లేదు. కొరత అంతా అమలులోనే. మందుల చట్టం కేంద్రానిది, రెండు రాష్ట్రాలకూ ఒక్కటే. దుకాణాలను తనిఖీ చేసే అధికారులు మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం వారే. రాజురా, జివతి తాలూకాల ప్రజలకు ఈ తేడా బాగా తెలుసు. జివతి కొండలలోని కొన్ని గ్రామాలపై మహారాష్ట్ర, తెలంగాణ రెండూ హక్కు చెప్పుకొంటున్నాయి. అక్కడి కుటుంబాలకు రెండు రేషన్ కార్డులున్నాయి, రెండు బడులున్నాయి. కోడిపిల్లలూ, దాణా బస్తాలూ, మందు సీసాలూ గీత చూసి ఆగవు. గీత దగ్గర ఆగేది తనిఖీ ఒక్కటే.

కాగితంపై నిషేధం ఎలా జారిపోతుందో చెప్పడానికి పాత అనుభవం ఉన్నది. రాబందులను చంపుతున్నదని 2006లో పశువులకు డైక్లోఫెనాక్ మందును నిషేధించారు. అయితే మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడడం కొనసాగింది. 2015లో ఆ సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు కుదించిన తరువాతనే ఆ దారి కొంత ఇరుకైంది. యాంటీబయాటిక్ మందుల విషయంలోనూ దొడ్డిదారులను ముందుగానే మూయవలసి ఉన్నది.

ఈ విషయంలో నిందంతా రైతు మీద మోపడం న్యాయం కాదు. కాంట్రాక్టు పద్ధతిలో కోళ్ళను పెంచే రైతుకు పిల్లలు, దాణా, మందులు కంపెనీయే ఇస్తుంది. దాణా బస్తాలో ఏమి కలిసిందో అతనికి చెప్పేవారుండరు. కోళ్ళు ఎక్కువగా చనిపోతే కోతపడేది మాత్రం అతని కూలిలోనే. సొంతంగా నాలుగు గేదెలు పెంచుకొనే కుటుంబానికి పశువైద్యశాల దూరం, మందుల షాపు దగ్గర. భయం, దూరం రెండూ కలిసి మందు కొనిపిస్తున్నాయి. ఆ రెండింటినీ తగ్గించకుండా వాడకం తగ్గదు.

తగ్గించడం సాధ్యమేనా అన్న సందేహానికి తావు లేదు. ఎదుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్ కలపడాన్ని స్వీడన్ 1986లోనే నిషేధించింది. యూరోపియన్ యూనియన్ మొత్తం 2006 జనవరి నుండి మానివేసింది. చైనా 2017లో దాణాలో కోలిస్టిన్‌ను ఆపివేయగా, కొద్ది ఏళ్ళలోనే పశువులలోనూ మనుషులలోనూ ఆ మందుకు లొంగని బాక్టీరియా గణనీయంగా తగ్గింది. పోయిన బలం కొంతవరకైనా తిరిగి వస్తుందనడానికి ఇది ఆధారం.

పల్లె కుటుంబాల చేతిలోనూ కొన్ని పనులున్నాయి. కొక్కెర తెగులుకు మందు లేదు, టీకా ఉన్నది. పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్కలు, ఎనిమిది వారాల వయసులో సూది టీకా వేయిస్తే పెరటి కోడి నిలుస్తుంది. పొదుగువాపు మొదలైన ఆవుకు కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు నూరి, పాలు పిండివేసిన తరువాత రోజుకు పలుమార్లు పొదుగుకు పట్టించే పద్ధతిని జాతీయ పాడి అభివృద్ధి మండలి ప్రచారం చేస్తున్నది. జ్వరం ఉన్నా, వాపు తగ్గకపోయినా పశువైద్యుని పిలవాలి. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు ఇరు రాష్ట్రాలలోనూ ఒక్కటే.

మందు వాడక తప్పనపుడు విరామ కాలం పాటించాలి. చివరి మోతాదు తరువాత ఎన్ని రోజులు పాలు, గుడ్లు, మాంసం వాడరాదో సీసాపై ముద్రించాలని 2012 నుండి నిబంధన ఉన్నది. ఆ ముద్ర లేకుంటే పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి. ఆ రోజులలో పిండిన పాలను దూడకు పట్టడం, ఇరుగుపొరుగుకు పోయడం కూడా తగదు.

మిగిలిన బాధ్యత ప్రభుత్వాలది. దాణా బస్తాపై అందులో కలిపిన మందుల పేర్లు ముద్రించాలి, అదీ మరాఠీ, తెలుగు భాషలలో. చంద్రపూర్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల అధికారులు ఉమ్మడి తనిఖీలు జరపాలి. కొత్త యాంటీబయాటిక్ మందులు అరుదుగా పుడుతున్నాయి. ఉన్నవాటిని కోడి బరువు కోసం కరిగిస్తే, రేపు నిమోనియా సోకిన పసిబిడ్డను రాజురాకు తీసుకుపోయినా, ఆసిఫాబాద్‌కు తీసుకుపోయినా వైద్యుని చేతిలో మిగిలేది ఖాళీ సీసాయే.