ఏ ఏటి మేరీ కోమ్? ఏ ఏటి నిఖత్?

మధ్యాహ్నం అన్నం తిన్నాక మా బడి వేపచెట్టు కింద రోజూ ఏదో ఒక తగాదా నడుస్తుంది. మొన్నటిది కాస్త పెద్దది. పదో తరగతి వాళ్ళు రెండు జట్లుగా చీలి, గంట కొట్టినా లేవకుండా అరుచుకుంటున్నారు.

"మేరీ కోమ్ ముందర ఎవురు నిలబడతారు సార్? ఆరుసార్లు ప్రపంచ విజేత!"

"అదంతా పాతకాలం సార్. నిఖత్ జరీన్ వేగం చూసినారా? 2022లో గెలిచింది, మళ్ళా 2023లో గెలిచింది. అదీగాక మన తెలుగు పిల్ల!"

మణిపూర్ బాక్సర్ మేరీ కోమ్ పేరు, నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ పేరు మీరూ వినే ఉంటారు. ఇద్దరూ బరిలో దిగితే ఎవరు గెలుస్తారో తేల్చమని పిల్లలు నా మీద పడ్డారు. నేను తేల్చలేదు. "ముందు మీ ప్రశ్న పూర్తి చేయండి" అన్నాను. సైన్సు సారు తప్పించుకున్నాడని నవ్వుకున్నారు. తప్పించుకోలేదు. ఎందుకో మీకు చెబుతాను.

ఇలాంటి వాదనలు పనిలేని కబుర్లని మా స్టాఫ్ రూములో కొందరంటారు. నేను అనను. సరిగా వాదిస్తే ఇది ప్రయోగశాలలో గంటసేపు కూర్చున్నంత మేలు. అయితే "మన తెలుగు పిల్ల" అన్న మాటను మాత్రం లెక్కలోంచి తీసేయండి. దానికి బరువూ లేదు, వేగమూ లేదు.

ఇలాంటి ప్రశ్నను ఎలా పూర్తి చేయాలో మన ఊళ్ళలో చదువు రాని రైతులకు కూడా బాగా తెలుసు. కర్నూలు, కడప పల్లెల్లో తిరునాళ్ళకు జరిగే ఎద్దుల బండలాగుడు పోటీలు చూశారా? అక్కడ ఏ జతను పడితే ఆ జతను ఏ జత మీద పడితే ఆ జత మీద వదలరు. ముందు నోరు తెరిచి పళ్ళు చూస్తారు. ఎద్దుకు పై దవడలో ముందు పళ్ళుండవు. కింది దవడలో ఎనిమిది ఉంటాయి. చిన్నప్పటి పాలపళ్ళు ఊడి, రెండేళ్ళు దాటాక నడిమి జంట గట్టిపళ్ళు వస్తాయి. తరువాత అటొకటి ఇటొకటిగా మిగిలిన జంటలు వస్తాయి. అందుకే పోటీల్లో పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన పెద్ద ఎద్దులు అని వేరువేరుగా ఉంటాయి. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. ఇన్ని నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగాయో టేపు పెట్టి కొలుస్తారు. (ముల్లుకర్రతో పొడవడం నాకు నచ్చదు. అది వేరే సంగతి.) వయసు ఒకటి, బండ ఒకటి, సమయం ఒకటి. ఇవన్నీ సమానం చేశాకనే ఏ జత గొప్పదన్న మాట.

లోలకం ప్రయోగం గుర్తుందా? గుండు మార్చి, దారం పొడవు కూడా మార్చి, ఆవర్తన కాలం ఎందువల్ల మారిందని అడిగితే ఏం చెబుతారు? చెప్పలేరు. మా వేపచెట్టు కింద జరిగింది అదే. ఒకేసారి అన్నీ మార్చేసి జవాబు అడుగుతున్నారు.

ఎన్ని మారాయో చూడండి. మేరీ ప్రపంచ విజేతగా నిలిచినవి 2002, 2005, 2006, 2008, 2010, 2018 సంవత్సరాలు. 2006లో ఆమె 46 కిలోల తరగతి. 2010లో 48 కిలోలు. నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో గెలిచింది 52 కిలోల తరగతిలో. 48కీ 52కీ తేడా నాలుగు కిలోలే కదా అంటారు. ఎనిమిది శాతం దాటిందని లెక్క కట్టి చూసుకోండి. ద్రవ్యవేగం అంటే ద్రవ్యరాశి, వేగాల లబ్ధం అని చదివారు. దెబ్బ వెనక ఉన్నది చెయ్యి ఒక్కటే కాదు, మడమ నుంచి భుజం దాకా తిరిగే ఒళ్ళంతా. ఎనిమిది శాతం అక్కడ చిన్నదేమీ కాదు.

మా తరగతిలో ఒక గడుసు పిల్ల వెంటనే లేచింది. "అయితే 2012 మేరీని తీసుకుందాం సార్. లండన్ ఒలింపిక్స్‌లో ఆమె 51 కిలోలు" అంది. మంచి ఆలోచన. బరువు దాదాపు కలిసింది. కానీ ఒలింపిక్స్‌లో మొట్టమొదటిసారి ఆడవాళ్ళ బాక్సింగ్ పెట్టిన ఆ ఏడాది మూడే తరగతులు ఉన్నాయి. అన్నిటికన్నా తక్కువది 51 కిలోలు. 48 కిలోల మేరీ వేరే దారి లేక పైకి ఎక్కింది. తూకం ముల్లు ఒకే చోట నిలిచినంత మాత్రాన ఒళ్ళు ఒకటి కాదు. అయినా కంచు పతకం తెచ్చింది. సెమీ ఫైనల్లో ఇంగ్లండుకు చెందిన నికోలా ఆడమ్స్ చేతిలో 6-11తో ఓడింది.

ఆ 6-11 అన్న లెక్క చూశారా? ఇప్పుడు అలాంటి లెక్క కనిపించదు. అప్పుడు న్యాయనిర్ణేతలు దెబ్బ తగిలినప్పుడల్లా మీట నొక్కేవారు, దెబ్బలు లెక్కపెట్టేవారు. 2013 నుంచి పద్ధతి మారింది. ఒక్కో న్యాయనిర్ణేత రౌండు మొత్తం చూసి, బాగా ఆడినవారికి పది, రెండోవారికి తొమ్మిదో అంతకన్నా తక్కువో వేస్తారు. అప్పుడు ఆడవాళ్ళకు రెండేసి నిమిషాల రౌండ్లు నాలుగు. 2022 నాటికి మూడేసి నిమిషాల రౌండ్లు మూడు. ఎనిమిది నిమిషాలకూ తొమ్మిది నిమిషాలకూ తేడా ఒక్క నిమిషమే అనకండి. నాలుగు రౌండ్లయితే మధ్యలో మూడుసార్లు కూర్చోవచ్చు, మూడయితే రెండుసార్లే. మొదటి కొన్ని సెకన్లకు కండరాల్లో నిలవ ఉన్న శక్తి సరిపోతుంది. తరువాత గుండె, ఊపిరితిత్తులు ప్రాణవాయువును ఎంత వేగంగా అందిస్తాయో అంతే ఆట. మూడో నిమిషం కథ వేరు.

"సార్, ఇవన్నీ కంప్యూటర్లో వేస్తే అదే చెబుతుంది కదా?" అని ఒకడు అడిగాడు. అదీ జరిగింది, అర్ధ శతాబ్దం కిందటే. 1956లో ఒక్క పోటీ కూడా ఓడకుండా విరమించుకున్న రాకీ మార్సియానో గొప్పా, మహమ్మద్ అలీ గొప్పా అని అమెరికాలో పెద్ద వాదన. 1969లో ఇద్దరినీ బరిలో నిలబెట్టి సినిమా తీశారు. మార్సియానోకు అప్పటికి నలభై అయిదేళ్ళు. ఒళ్ళు తగ్గించి, నెత్తిన విగ్గు పెట్టుకొని వచ్చాడు. రకరకాల ముగింపులు తీసి పెట్టుకొని, ఇద్దరి ఆట వివరాలూ కంప్యూటర్‌కు ఇచ్చి ఫలితం అడిగారు. 1970 జనవరిలో సినిమా చూపించారు. పదమూడో రౌండులో అలీ పడిపోయాడు. ఐరోపాలో చూపిన కూర్పులో మాత్రం గెలిచింది అలీ! విసుర్రాయిలో జొన్నలు పోస్తే జొన్నపిండే వస్తుంది. ఎవరి దెబ్బకు ఎన్ని మార్కులో యంత్రానికి చెప్పింది మనుషులే. ఈనాటి కంప్యూటర్లు దానికన్నా ఎన్నో రెట్లు వేగంగా విసురుతాయి, అంతే. తన సినిమాలో ఎవరు గెలిచారో చూడకుండానే మార్సియానో 1969 ఆగస్టులో విమాన ప్రమాదంలో పోయాడు.

ఇక అసలు మాట. మేరీ, నిఖత్ నిజంగానే తలపడ్డారు. ఆ సంగతి మా పిల్లల్లో సగం మందికి తెలియదు. 2019లో టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకు 51 కిలోల తరగతిలో ఎవరిని పంపాలన్న ప్రశ్న వచ్చింది. ట్రయల్ లేకుండానే మేరీని పంపే ఉద్దేశం కనిపించింది. ఇరవై మూడేళ్ళ నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి బహిరంగంగా ఉత్తరం రాసింది. నన్ను పంపండి అని కాదు, ట్రయల్ పెట్టండి అని. డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. మేరీ 9-1 తీర్పుతో గెలిచింది. అదే ఏడాది గువాహటిలో జరిగిన ఇండియా ఓపెన్‌లో కూడా మేరీదే గెలుపు.

మేరీకి అప్పటికి ముప్పై ఆరు దాటింది, పిల్లల తల్లి. ఎదుటి అమ్మాయి పదమూడేళ్ళు చిన్నది. "వయసులో ఉన్నవాళ్ళే గెలుస్తారు" అన్న పరికల్పనను ఆ రోజు ప్రయోగం కొట్టేసింది. కండరం వేగం తగ్గుతుందన్నది నిజమే. కానీ ఎదుటివారి భుజం కదలగానే చెయ్యి ఎటు వస్తుందో ముందే పసిగట్టే నేర్పు పోటీలు ఆడగా ఆడగా వస్తుంది. ఏది ఏ వయసులో ఎంత అన్నది బరిలో తప్ప తెలియదు. 2022 నిఖత్ ఆ 2019 నిఖత్ కాదన్నదీ అంతే నిజం. నా దృష్టిలో ఆ ఉత్తరం పతకంతో సమానం. ఓడిపోవచ్చని తెలిసీ పరీక్ష పెట్టమని అడగడం మామూలు విషయం కాదు.

ఇంత పొడుగున రాయడానికి నా తప్పొకటి ఉంది. కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక బడిలో జోనల్ ఆటల పోటీలకు పరుగుపందెం పిల్లలను ఎంపిక చేయవలసిన పని నా మీద పడింది. నిరుడు గెలిచిన అమ్మాయి పేరే మళ్ళీ రాశాను. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె వచ్చి, "ఒకసారి పరిగెత్తి చూపిస్తా సార్" అంది. "నిరుడు ఎవరు గెలిచారో కాగితం మీద ఉంది కదమ్మా, ఎండలో మళ్ళీ ఎందుకు" అన్నాను. పదమూడేళ్ళ వయసులో ఏడాదికి ఒళ్ళు ఎంత మారుతుందో పాఠం చెప్పేది నేనే. ఆ పిల్ల పాత గౌను పొట్టిదై మోకాళ్ళ పైకి పోయింది, నా కళ్ళతో చూస్తూనే ఉన్నాను. స్టాప్‌వాచీ నా బల్ల సొరుగులోనే ఉంది. పట్టుమని పది నిమిషాల పని. మరుసటి ఏడు ఆ పిల్ల అడగలేదు. ఇద్దరిలో ఎవరు గెలిచేవారో నాకు ఇప్పటికీ తెలియదు. తేలిగ్గా తేలే ప్రశ్నను తీసుకొని, అలీ-మార్సియానో ప్రశ్న లాగా ఎన్నటికీ తేలనిదిగా చేసిపెట్టాను. ఇప్పుడు మా బడిలో ఏ పోటీకైనా అడిగిన ప్రతివాళ్ళకూ గీత గీసి పరుగు పెట్టిస్తాం. పొద్దున ఏడింటికే, ఎండ ముదరక ముందే.

మా వేపచెట్టు ప్రశ్న ఇప్పుడిలా మారింది. "2012 మేరీ, 2022 నిఖత్, 51 కిలోలు, మూడేసి నిమిషాల రౌండ్లు మూడు, పది మార్కుల పద్ధతి. ఎవరు?" ఈ నిబంధనల కింద నా ఓటు నిఖత్‌కే, ఆ పెద్ద తరగతిలో ఆమె ఒళ్ళు సహజంగా ఇమిడింది కనుక. రెండేసి నిమిషాల రౌండ్లు నాలుగు పెట్టి, 48 కిలోలకు దించితే మేరీ వైపు తిరుగుతాను. మేరీ జట్టు ఒప్పుకోలేదు. వాళ్ళు 2019 తీర్పునే నా ముఖాన కొడుతున్నారు, అది కొట్టిపారేయదగ్గ మాట కాదు.

మీ వాదన కూడా రాసి పంపండి. ఏ ఏడాది, ఎంత బరువు, ఏ నిబంధన అన్నవి మొదటి వాక్యంలోనే ఉండాలి. మీరు పొరబడ్డారని ఏది చూస్తే ఒప్పుకుంటారో అది చివరి వాక్యంలో రాయండి.